తెరల మామయ్య, రెండు మహారాజ్యాలు

మా ఆసుపత్రి అటెండరును అందరూ తెరల మామయ్య అంటారు. జీతమిచ్చేది మంచాలు తోసినందుకు, తలుపులు తీసినందుకు. ఆయన అసలు చేసేది మాత్రం రెండు మహారాజ్యాల పరువు కాపాడటం.

మా భవనం పడమటి దేశంవాళ్ళు కట్టించారు. లోపలి యంత్రాలు తూర్పు దేశంవాళ్ళు ఇచ్చారు. ఎవరి దానానికి వాళ్ళు శిలాఫలకం పెట్టుకున్నారు. ఆ ఇద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఒకరి పేరు ఇంకొకరి కంటబడితే రావలసింది రాకుండా పోతుందని మా సూపరింటెండెంటుగారి భయం. అందుకని పడమటి అతిథులు వస్తే మామయ్య తూర్పువాళ్ళ ఫలకానికి తెర కడతాడు. తూర్పువాళ్ళు వస్తే తెర అటు మారుతుంది. పాత దుప్పట్లతో తనే కుట్టి కుచ్చులు కూడా పెట్టాడు. ఒకసారి కంగారులో రెండింటికీ కట్టేశాడు. ఆ రోజు వచ్చిన పెద్దమనిషి, ఇంత ఆసుపత్రి మీరే కట్టుకున్నారా అని మెచ్చుకుని, వీళ్ళకిక సాయం అక్కర్లేదని రాసి వెళ్ళిపోయాడు.

మామయ్యకు ఈ గొడవలో తనదంటూ ఒక ప్రాణం ఉంది. అది ఆయన అక్క. తల్లి పోయాక చంకనేసుకుని పెంచిన మనిషి. మూత్రపిండాలు పనిచేయక వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించుకుంటుంది. ఆ వార్డు నర్సును నేనే. పక్క మంచం మీద ఒక టీచరమ్మ ఉండేది. అక్కకు కోడలు లేదు కాబట్టి టీచరమ్మ కోడలినే ఇద్దరూ ఉమ్మడిగా తిట్టుకునేవారు.

అలాంటిది, ఉన్న రెండు యంత్రాలూ ఒకదాని వెనక ఒకటి మొరాయించాయి. యంత్రాలు తూర్పువి, లోపల కాలిపోయిన చిప్పు పడమటిది. ఆ చిప్పు తూర్పువాళ్ళకు అమ్మకూడదని పడమటివాళ్ళు నిషేధం పెట్టారట. మేము ఇద్దరికీ మొరపెట్టుకున్నాం. తూర్పువాళ్ళు ఆ నిషేధాన్ని ఖండిస్తూ ఘాటైన ప్రకటన పంపారు. పడమటివాళ్ళు చిప్పు ఇవ్వలేదు కానీ, పోటీకి రెండు కొత్త యంత్రాలే పంపారు. వాళ్ళ మనుషులు వచ్చి బిగించారు, పరీక్షించారు, చుట్టూ రిబ్బను కట్టారు. రాయబారిగారు వచ్చి ప్రారంభించేదాకా ముట్టుకోవద్దన్నారు. రాయబారిగారికి తీరిక లేదు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు కదా, సూపరింటెండెంటుగారు రిబ్బనుకు కాపలా కూర్చున్నారు. అక్క, టీచరమ్మ పూట ప్రయాణం చేసి ఇంకో ఊరి ఆసుపత్రికి బస్సులో వెళ్ళివచ్చేవారు. రెండో ప్రయాణంలో టీచరమ్మ బస్సులోనే పోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది, ఎవరి మీద అరవాలో తెలియలేదు.

ఆమెను సాగనంపి వచ్చిన మామయ్య నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"అమ్మాయ్, రిబ్బను తెంపకుండా యంత్రం నడపొచ్చా?"

"కిందికి జారిస్తే నడుస్తుంది మామయ్యా. పెద్దాయన చూస్తే?"

"చూడరులే. తెర కట్టేస్తాను."

కట్టాడు. మా ఆసుపత్రిలో తెర వెనక ఏముందని అడిగే అలవాటు ఎవరికీ లేదు. సూపరింటెండెంటుగారు రోజూ ఆ పక్కనుంచే వెళ్ళేవారు. లోపల అక్క రక్తం నిశ్శబ్దంగా శుభ్రపడేది.

ఒక ఉదయం రాయబారిగారు చెప్పాపెట్టకుండా దిగారు. ఆ రోజు వెళ్ళవలసిన దేశానికి తూర్పువాళ్ళు ముందే చేరుకున్నారట, ఆయనకు తీరిక దొరికింది. తెర చూసి, మామయ్య ఆవిష్కరణకు అమర్చిపెట్టాడనుకుని సూపరింటెండెంటుగారు మురిసిపోయారు. తమరి చేతులతో లాగండి అన్నారు. రాయబారిగారు లాగారు. గొట్టాలతో అక్క కనిపించింది.

సూపరింటెండెంటుగారి పరిస్థితి కక్కలేక మింగలేక. రాయబారిగారు మాత్రం ఫొటోకు రోగిని కూడా సిద్ధం చేశారని సంబరపడ్డారు. ఆయన వెంట వచ్చిన దుబాసీ ముందుకొచ్చాడు.

"ఒక్క నిమిషం ఆపండి. రాయబారిగారు తన చేత్తో మొదలుపెడతారు."

నేను మామయ్య వైపు చూశాను. అతిథికి కాదని చెప్పడం ఆయన జన్మలో లేదు.

"ఆపడం కుదరదండీ," అన్నాడు మామయ్య. "కావాలంటే బటన్ మీద వేలు పెట్టి నిలబడమనండి."

అలాగే నిలబడ్డారు. ఫొటో తీశారు. ఎలా ఉందమ్మా అని రాయబారిగారు అక్కను అడిగించారు.

"పక్క మంచం టీచరమ్మ కూడా బతికుంటే ఫొటో నిండుగా వచ్చేది నాయనా," అంది అక్క.

దుబాసీ ఆయనకు, చాలా సంతోషంగా ఉందంటోందని చెప్పాడు. రాయబారిగారు ఖాళీగా ఉన్న రెండో యంత్రం వైపు చూసి, తలూపి, ఏదో అన్నారు. దుబాసీ మావైపు తిరిగాడు.

"మీ అవసరానికి మించే ఇచ్చామని ఆయనకు తృప్తిగా ఉందట."