అమ్మ గది నేల, మా మేస్త్రి

మా మేస్త్రి పోయారు. పొద్దున పాలు తెచ్చిన తమ్ముడు చేతిలో గిన్నె కింద పెట్టకముందే చెప్పాడు. "అక్కా, మేస్త్రి మామ పోయిండు. నిన్న సాయంత్రమే మట్టి చేసిన్రట." మా సంతోష్‌నగర్ నుంచి ఆయన ఉండే యాకుత్‌పురా ఎంత దూరమని! అయినా కబురు అందేసరికి అన్నీ అయిపోయాయి.

గౌలిపురాలో ఆయన కట్టిన గోడలు, మెట్లు, బర్రెల కొట్టాలు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. వాటి గురించి ఆ ఇళ్లవాళ్లు చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆయన చేతికి లొంగని ఒకే ఒక్క గది గుర్తొస్తోంది. అది మా అమ్మ గది.

మాది పాలవాళ్ల ఇల్లు. వెనక రేకుల షెడ్డులో రోజూ కోవా బట్టీ మండేది. పొగ తమ ఇంట్లోకి వస్తోందని పక్కింటివాళ్లు లొల్లి పెడితే, బాపు అమ్మ గది నేల కింద ఇటుకలతో కాలువ కట్టించి, పొగను అవతలి వైపు గొట్టంలోకి మళ్లించాడు. దాంతో ఆ నేల వెచ్చబడింది. మోకాళ్ల నొప్పులతో ఏళ్ల తరబడి కంటికి కునుకు లేని అమ్మ, దాని మీద చాప వేసుకుని హాయిగా కాళ్లు చాపుకుంది. ఏ డాక్టరు మందూ చేయని పని అది. బాపు సంతోషం పట్టలేక మేస్త్రిని పిలిచి ఆ గదికి ఎర్ర సిమెంటు టైల్స్ వేయించాడు.

చలికాలం రాగానే అవి లేచాయి. రెండేసి టైల్స్ తలలు ఆనించుకుని గుడారంలా నిలబడ్డాయి. అమ్మ కర్ర పట్టుకుని నడిచే మనిషి. ఆ అంచు కాలికి తగిలితే పడిపోతుందని మాకు ఒకటే గుబులు.

మేస్త్రి చెప్పులు బయట విడిచి, మోకాళ్ల మీద కూర్చుని, తాపీ పిడితో ఒక్కో టైల్‌నూ తట్టేవారు. డొల్లగా పలికితే "ఇది ఇడిసిపెట్టింది" అనేవారు, మనిషి గురించి చెప్పినట్టు. మొదటిసారి ఒకటి తిరగేసి చూస్తే వెనక సిమెంటు అంటలేదు. "నాదే తప్పక్కా. నీళ్లల్ల మంచిగ నాననియ్యలే" అని అమ్మతో చెప్పి మళ్లీ వేశారు. మళ్లీ లేచాయి. చెమ్మేమోనని తవ్వితే అడుగున మన్ను పొడిపొడిగా ఉంది. చివరికి లేచినవాటి మీద సుద్దముక్కతో గుర్తులు పెట్టి, గుమ్మంలో నిలబడి చూశారు. గుర్తులన్నీ ఒకే వరసలో, సరిగ్గా పొగ కాలువ మీదే ఉన్నాయి.

"బట్టీ మండితే ఉబ్బుతున్నయ్, ఆరితే సలికి ముడుసుకుంటున్నయ్. దినాం గిట్లయితే ఏ సిమెంటు పట్టుకుంటదన్నా? కాల్వ బంద్ చేయాలె" అన్నారు బాపుతో.

బాపు అమ్మ వైపు చూశాడు. అమ్మే అంది. "బంద్ జేస్తే నా కాళ్లు ఏం గావాలె తమ్మీ?"

మేస్త్రి కాలువ జోలికి పోలేదు. టైల్స్ ఉబ్బినా చోటుండేలా గోడ వెంట వేలెడు సందు వదిలి చూశారు, అయినా లేచాయి. సిమెంటు మానేసి ఇసుక మీద పరిచి చూశారు. అమ్మ కర్ర ఆనించగానే టైల్ ఊగింది. పని కాగానే మొహం చాటేసే మేస్త్రీలను చాలామందిని చూశాను. ఈయన పిలవకపోయినా చలికాలంలో వచ్చి, తట్టి చూసి, చాయ్ సాసర్‌లో పోసుకుని గుమ్మంలో కూర్చునేవారు. "ఫికర్ జెయ్యకక్కా, ఏదో ఒకటి జేద్దాం." ఆ ఏదో ఒకటి ఏమిటో ఆయనకూ తెలియదని మా అందరికీ తెలుసు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు అదే మాట ఇంకొక్కసారి వినాలనిపిస్తోంది.

భయపడినంతా అయింది. అమ్మ ఆ అంచు తట్టుకునే పడింది. తుంటి విరిగి మంచాన పడింది, ఇక నడవలేదు. బాపు కోపమో దుఃఖమో తెలియకుండా బట్టీ ఆర్పేశాడు. కోవా పని మానేసి పాలు మాత్రమే అమ్మాడు. మేస్త్రి వచ్చి కాలువ పూడ్చి, టైల్స్ మళ్లీ పరిచి వెళ్లారు.

మరుసటి చలికాలం ఆయన మళ్లీ వచ్చారు. గది ఈ మూల నుంచి ఆ మూల దాకా తట్టారు. అన్నీ గట్టిగా పలికాయి. మోకాళ్ల మీద గొంగడి కప్పుకుని అమ్మ మంచం మీద నుంచి వింటోంది.

"ఒక్కటి గూడ లెవ్వలే అక్కా" అన్నారు తల ఎత్తకుండా.

"మంచిగ జేసినవ్ తమ్మీ" అంది అమ్మ.

ఆయన తాపీ పక్కన పెట్టారు. ఒకప్పుడు పొగ కాలువ ఉన్న చోట నేల మీద అరచేయి ఆనించి చూశారు, చల్లగా ఉంది.