తోసేవాడి నిద్ర

మా ఆయన నిద్రపోవాలంటే చప్పుడు కావాలి. లోకంలో మగవాళ్ళంతా పక్కింటి రేడియో మోగితే విసుక్కుంటారు. మా ఇంట్లో కరెంటు పోయి ఫ్యాను ఆగితే ఈయన ఉలిక్కిపడి లేచి, "ఏది ఆగింది?" అని అడుగుతాడు. పెళ్ళయిన కొత్తలో నాకు భయమేసేది. తర్వాత్తర్వాత ఒళ్ళు మండేది. ఇప్పుడు మండటానికి కూడా ఓపిక లేదు.

సైన్యంలో సరుకులు మోసే పాత విమానాల్లో ఆయనది తోసేవాడి పని. విమానం నడిపేవాళ్ళ గురించి పిల్లలక్కూడా తెలుసు, తోసేవాళ్ళ సంగతి ఎవరికీ పట్టదు. దారీ తెన్నూ లేని కొండల మీద కాపలా కాసే జవాన్లకి పిండి బస్తాలూ, కిరసనాయిలు డబ్బాలూ, మందులూ పైనుంచే పడెయ్యాలి. వెనక తలుపు తీసే ఉంటుంది. నడుముకి తాడు కట్టుకుని ఇద్దరు మనుషులు బస్తాల వెనక నిలబడతారు. గంట మోగగానే భుజాలతో, కాళ్ళతో తోసెయ్యాలి. మళ్ళీ మోగగానే ఆపెయ్యాలి. ఒక్క బస్తా ఆలస్యమైతే అది లోయలో పడుతుంది, పైనున్న వాళ్ళు పస్తుంటారు. నడుం నొప్పి ఆయనకి అప్పుడే పట్టుకుంది, ఇప్పటికీ వదల్లేదు.

ఆ విమానాలు ఆయన కంటే వయసులో పెద్దవట. కూర్చోడానికి సీటుండదు, రేకు నేల మీద గోనెసంచి పరుచుకోవడమే. బయట వాన పడితే లోపలా పడేది. టీ తాగినా కిరసనాయిలు వాసనే. చలికి వేళ్ళు కొంకర్లు పోయేవి. ఇంజన్ల మోతకి పక్కవాడి మాట వినపడక సైగలే చేసుకునేవాళ్ళు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం పనుండదు గనక, ఆ మోతలోనే ఒళ్ళు తెలియకుండా నిద్రపోయేవాళ్ళు. ఎడమ చెవి అక్కడే పోయింది, కుడిచెవి సగం మిగిలింది. అందుకే మా కాపురంలో రహస్యాలు లేవు, నేనేం మాట్లాడినా వీధంతా వింటుంది.

ఉద్యోగం అయిపోయాక ఇంటి ముందుగదిలో పిండిమర పెట్టాడు. బతుకుతెరువు కోసమని అందరూ అనుకున్నారు, నేనూ అలాగే అనుకున్నాను. మధ్యాహ్నం మర తిరుగుతుంటే ఆ పక్కనే బస్తాల మీద ఒరిగి, నోరు తెరుచుకుని గుర్రు పెట్టేవాడు. "పిండి మనకి, జోలపాట ఆయనకి" అని గోధుమలు తెచ్చినవాళ్ళు నవ్వుకునేవారు. ఈ ఏడు మోటారు కాలిపోయింది. దీనికి సామాన్లు దొరకవని మెకానిక్కు చేతులెత్తేశాడు. అందరూ పాకెట్లలో పిండి కొనుక్కుంటున్నారు, కొత్త మోటారు పెట్టినా మర దగ్గరికి వచ్చేదెవరు? మర మూసేశాం.

అప్పట్నుంచి ఆయన కంటికి కునుకు లేదు. కళ్ళు గుంటలు పడ్డాయి. మెట్టు ఉందనుకుని లేనిచోట కాలు పెట్టి పడ్డాడు. డాక్టరు మాత్రలు మార్చి మార్చి ఇచ్చి, చివరికి నన్ను బయటికి పిలిచి, "గుండె అలిసిపోయిందమ్మా. ఏదోలా ఆయన నిద్రపోవాలి. లేకపోతే నేను చెయ్యగలిగింది ఏమీ లేదు," అన్నాడు. నేను మిక్సీ వేసి పెట్టాను. అది కాలింది. కుళాయి కింద బకెట్ బోర్లించి నీళ్ళు వదిలాను. పైవాటా వాళ్ళు పోట్లాటకొచ్చారు. మనిషి నా కళ్ళముందే అరిగిపోతున్నాడు, నేనేమో బకెట్లు బోర్లిస్తున్నాను.

మా పెళ్ళి సంగతి ఇక్కడ చెప్పాలి. మా అన్నయ్య ఆ కొండల మీదే జవాను. మంచులో ఊపిరాడక పోయాడు. అన్నయ్యని పెట్టెలో పెట్టి, కొండల నడుమ విమానం దిగే చోటిదాకా మోసుకొచ్చి, ఆ విమానంలోనే కిందికి దింపారు. సెలవు పెట్టి ఆ పెట్టె వెంట మా ఇంటిదాకా వచ్చిన మనిషి ఈయన. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని, "నా బిడ్డని నాకు చేర్చావు నాయనా," అంది. ఆ తర్వాతి రాకపోకలే సంబంధం కలిపాయి. అమ్మ చివరిదాకా మా దగ్గరే ఉంది. ఎవరొచ్చినా ఒకటే మాట, "మా అల్లుడు దేవుడు." ఆ మాట వినపడితే ఈయన అన్నం సగంలో వదిలేసి లేచిపోయేవాడు. పొగిడితే మొహమాటం కాబోలు అనుకునేదాన్ని.

మొన్న మధ్యాహ్నం చూస్తే మర పక్కన ఖాళీ గోనెల మీద కూర్చుని గోడకేసి చూస్తున్నాడు. నాకు తిక్కరేగింది.

"ఎన్నాళ్ళిలా? ఏముందండీ ఆ చప్పుడులో?" అని చెవి దగ్గర అరిచాను.

విమానం కబుర్లు ఎన్నో చెప్పేవాడు గానీ, ఆ ఒక్క రోజు సంగతి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

"మీ అన్నయ్యని తెస్తున్న రోజు," అన్నాడు. "పెట్టెతో పాటు ఖాళీ పీపాలు, ఉత్తరాల సంచులు. మేం ఐదుగురం. కొండ దాటాలి, ఇంకా దాటలేదు. ఒక ఇంజను ఆగిపోయింది. సగం మోత పోయింది. విమానం దిగిపోతోంది. పైలట్ వెనక్కి తిరిగి, మొత్తం తోసెయ్యండి, ఏదీ మిగలకూడదు అన్నాడు."

"తోశారా?"

"పీపాలు తోశాం. ఉత్తరాలు తోశాం. మా పరుపులు, పనిముట్లు అన్నీ తోశాం. పెట్టె మిగిలింది. నాతో ఉన్నవాడు దానికి భుజం పెట్టాడు. నేను దాని మీద కూర్చున్నా. ఇది తొయ్యను అన్నా. వాడు నా కాళ్ళు పట్టుకు లాగాడు. వాడికి అప్పుడే కూతురు పుట్టింది, ఇంకా చూసుకోను కూడా లేదు. అయిందా అని పైలట్ అడిగాడు. అయిందని చెయ్యూపా."

నేను ఆయన పక్కన గోనె మీద కూలబడ్డాను.

"తలుపులోంచి కొండ మీద రాళ్ళు కనిపించాయి. కింద కొమ్మలు గీరుకున్నాయి. ఎలా దాటిందో తెలీదు, దాటింది. దిగాక పైలట్ వెనక్కొచ్చి పెట్టె చూశాడు. నన్ను చూశాడు. వెళ్ళి గడ్డిలో కూర్చుని వాంతి చేసుకున్నాడు. నాతో ఉన్నవాడు మళ్ళీ నా పక్కన ఎక్కలేదు."

గోనె మీద పిండి దులుపుతూ అన్నాడు. "మీ అమ్మ నన్ను దేవుడన్నప్పుడల్లా ఆ నలుగురే గుర్తొచ్చేవాళ్ళు. వాళ్ళకీ అమ్మలున్నారు కదే. ఆవిణ్ణి అడగలేకపోయా. నిన్నూ అడగలేకపోయా. నేను చేసింది ఒప్పా, తప్పా?"

'మంచి పని చేశారండీ' అన్న మాట నా నాలుక చివరే ఉంది. అమ్మ జీవితమంతా అన్న మాటే అది. అది విని విని ఆయన సగం అన్నం వదిలేశాడు, సగం నిద్ర వదిలేశాడు. అన్నయ్య ఆఖరిసారి మా గుమ్మంలోకి వచ్చాడంటే ఈయన వల్లే. నాకో సంసారం ఉందంటే ఆ పెట్టె వల్లే. అయినా ఆ కూతురు గుర్తొచ్చింది. తండ్రి ఇంకా చూడని కూతురు.

"తప్పే చేశారు," అన్నాను.

ఆయనకి వినపడలేదు. "ఏమన్నావ్?"

నా బతుక్కి ఆ మాట కూడా అరిచే చెప్పాల్సొచ్చింది. ఆయన కుడిచెవి దగ్గరికి వంగి, "తప్పు చేశారు. మా అన్నయ్యని తోసెయ్యాల్సింది," అని అరిచాను. ఎదురుగా సైకిళ్ళు బాగుచేసే అతను పని ఆపి మా వంక చూశాడు.

ఆయన నా మొహంలోకి చాలాసేపు చూశాడు. కోపమొస్తుందేమో అనుకున్నాను. "కదా," అన్నాడు. ఎవరో ఒకరు ఆ మాట అంటారని ఇన్నేళ్ళూ కాచుకుని కూర్చున్నట్టు అన్నాడు. తర్వాత ఆ గోనెల మీదే పక్కకి ఒరిగాడు. నేను చీర కుచ్చిళ్ళు సర్దుకుని లేచేసరికి నిద్రపోయాడు.

సాయంత్రందాకా నేను మర దగ్గరే కూర్చున్నాను. లోపలి గదిలో అన్నయ్య ఫొటో ఉంది, అటు వెళ్ళడానికి మొహం చెల్లలేదు.