ఆయన ఎడమ చెయ్యి, కొత్త లాప్‌టాప్

నేను చదవగలిగిన మొదటి మాట "శ్రద్ధాంజలి". అందరూ అమ్మ, ఆవు అంటూ మొదలుపెడతారు. నాకు నలభై దాటాక, మా షాపులో కూర్చుని అక్షరాలు వచ్చాయి. మా షాపులో ఎక్కువగా తయారయ్యేవి చనిపోయినవాళ్ళ ఫ్లెక్సీలు. పుట్టినరోజులకీ, ఓణీల ఫంక్షన్లకీ కూడా చేస్తాం కానీ, వాటికి జనం తీరిగ్గా రాజమహేంద్రవరం వెళ్ళి నాలుగు షాపులు తిరిగి చేయించుకుంటారు. చావుకి అంత దూరం ఎవరూ వెళ్ళరు. శవం ఇంకా ఇంట్లో ఉండగానే ఎవరో ఒకరు బండి మీద ఫొటో పట్టుకుని వచ్చేస్తారు.

నిడదవోలు వెళ్ళే రోడ్డులో, కాలవ వంతెన దిగగానే మా షాపు. డిజైన్ మేము చేస్తాం, ప్రింటు నిడదవోలులో వేయించి తెస్తాం. షాపు పెట్టింది మా ఆయన. అప్పట్లో నేను మధ్యాహ్నం క్యారేజీ ఇచ్చి వచ్చేదాన్ని, అంతే. తర్వాత ఆయనకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. కొన్నాళ్ళకి నడక వచ్చింది. మాట రాలేదు. "ఊ", "కాదు", "చాలు", "తే" లాంటి చిన్న మాటలు మిగిలాయి. పెద్ద మాట అనబోతే నోరు వంకర పోతుంది, మధ్యలో ఆయనే ఆపేస్తారు.

షాపు మూసేద్దామనే అనుకున్నాను. ఒకరోజు ఆయన నన్ను లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి, పాత ఫ్లెక్సీ ఒకటి స్క్రీన్ మీద తెరిచి, నా చూపుడు వేలు పట్టుకుని ఒక బటన్ మీద పెట్టి నొక్కారు. ఒక అక్షరం పడింది. అదే అక్షరం ఫ్లెక్సీలో ఎక్కడుందో చూపించారు. నా బడి అదే. గుండ్రంగా ఉన్నవన్నీ నాకు ఒకేలా కనపడేవి. తప్పు కొట్టినప్పుడల్లా "కాదు" అనేవారు. ఆయన నోట నేను ఎక్కువగా విన్న మాట అదే. విసుగు మాత్రం ఎప్పుడూ వినలేదు.

అలా టైపింగ్ నాదయ్యింది, కటింగ్ ఆయనదయ్యింది.

చనిపోయినవాళ్ళకి విడిగా మంచి ఫొటో ఉండడం అరుదు. పెళ్ళిలో నలుగురి మధ్య నిలబడిందో, తిరుపతిలో గుండుతో తీయించుకున్నదో తెస్తారు. పక్కవాళ్ళ భుజాలు, వెనక షామియానా గుడ్డ అన్నీ తీసేసి ఆ మనిషి ఒక్కణ్ణే విడదీయాలి. మౌసుతో అంచు వెంబడే చుట్టూ తిరిగి రావాలి. అదే కటింగ్. ఆయన మౌసుని ఎడమవైపుకి మార్చుకుని, కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, పొద్దున్నే మొదలుపెడితే ఒక మనిషి చుట్టూ తిరిగి వచ్చేసరికి భోజనాల వేళయ్యేది. చెవి దగ్గర ఆగేవారు. ఊపిరి బిగబట్టి ఆ ఒంపు మెల్లగా తిరిగేవారు. ముసలివాళ్ళ చెవులకి కమ్మల బరువుతో సాగిన తూట్లుంటాయి. ఆ తూటులోంచి వెనకాల రంగు కనపడితే అదీ తీసేవారు. "మా అమ్మ వచ్చి కూర్చున్నట్టుందండీ" అని ఫొటో తెచ్చినవాళ్ళంటే "ఊ" అనేవారు. ఆ పూట ఒక ముద్ద ఎక్కువ తినేవారు.

ఒకసారి కాలవ అవతలి ఊరి నుంచి ఒక ముసలావిడ ఆటో దిగి, కొంగులోంచి ఫొటో తీసింది.

"ఎవరిదండీ?" అన్నాను.

"నాదేనమ్మా. మా కోడలి సంగతి నీకు తెలీదు. ఏది దొరికితే అది పెట్టేస్తది. ఇందులో పట్టుచీర కట్టుకున్నాను. ఇప్పుడే చేసి దాచిపెట్టు."

"అలా అనకూడదండీ, మామ్మగారూ."

"అంటే ఆగుద్దా, అనకపోతే ఆగుద్దా?" అని ఆయన వైపు తిరిగింది. "బాబూ, ముక్కుపుడక మాత్రం పోనివ్వకు. మా ఆయన చేయించింది అదొక్కటే."

ఆయన నవ్వారు. నవ్వినా నోరు ఒకవైపే కదులుతుంది. వానలు పడ్డాక ఆ ఫొటో వాడాల్సి వచ్చింది. ముక్కుపుడక ఉంది.

ఆ లాప్‌టాప్ మా అమ్మాయి డిగ్రీ చదివేటప్పుడు కొన్నది. రెండు ఫొటోలు ఒకేసారి తెరిస్తే బిగుసుకుపోయేది. వేడెక్కి పిండిమరలా మోత పెట్టేది. ఎండాకాలంలో టేబుల్ ఫ్యాను మా వైపు కాకుండా దాని వైపు తిప్పేవాళ్ళం. స్క్రీన్ మీద గుండ్రం అలా తిరుగుతుంటే ఇద్దరం చేతులు కట్టుకుని దాన్నే చూస్తూ కూర్చునేవాళ్ళం. నాకు ఒళ్ళు మండేది. ఆయనకి మండేది కాదు. ఆయన చెయ్యి ఎంత మెల్లగా నడిచేదో అదీ అంతే మెల్లగా నడిచేది.

కిందటి చలికాలంలో, రొయ్యల చెరువులున్న కుటుంబం నుంచి ఒకతను వచ్చాడు. వాళ్ళ నాన్నగారు పోయారు.

"పెద్దకర్మ ఎల్లుండండి. గేటు దగ్గర ఎల్ఈడీ స్క్రీన్ పెడుతున్నాం. భోజనాలకి వచ్చినవాళ్ళకి నాన్నగారు దండం పెట్టాలి."

నాకు తెలియలేదు. "దండం పెట్టిన ఫొటో ఉందాండీ?" అన్నాను.

"ఫొటోలో కాదండీ, కదలాలి. నవ్వి, చేతులెత్తి దండం పెట్టాలి. ఏఐలో చేస్తున్నారుగా అందరూ. మా బావమరిది వాళ్ళ తాతగారైతే 'భోంచేసి వెళ్ళండి' అని మాట్లాడేశారు కూడా."

"బతికుండగా అనేవారాండీ ఆ మాట?"

"ఆయనా? ఎంగిలిచేత్తో కాకిని తోలడండీ బాబూ" అని నవ్వేశాడు. మళ్ళీ చావు ఇల్లు గుర్తొచ్చినట్టు ముఖం సర్దుకున్నాడు.

"ఇది పాతదండీ. దీంతో అవదు" అన్నాను. అతను లాప్‌టాప్ వైపు చూశాడు, తర్వాత ఒళ్ళో పడి ఉన్న ఆయన చెయ్యి వైపు చూశాడు. "పర్లేదులెండి" అని ఫోను జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అక్కణ్ణించి మామూలు ఫ్లెక్సీలకి కూడా మనుషులు తగ్గారు. నిడదవోలులో కూర్చున్న కుర్చీలోంచి లేచేలోగా చేసిచ్చేస్తున్నారు. మధ్యాహ్నం దాకా ఎవరు ఆగుతారు? ఒకరోజు ఆయన చెవి దాకా వచ్చాక లాప్‌టాప్ ఆగిపోయి, పొద్దుటి పని మొత్తం పోయింది. శవం లేచే వేళయ్యిందని ఫొటో తెచ్చినవాళ్ళు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఒకావిడ, "పదండర్రా, పాపం ఆయన్ని ఇబ్బంది పెట్టడం ఎందుకు" అంది. మంచి మనసుతోనే అంది. ఆయన ఆ పూట క్యారేజీ మూత తీయలేదు.

మా అమ్మాయి రాజమహేంద్రవరంలో ఉంటుంది. ఫోను చేసినప్పుడల్లా ఇదే మాట.

"ఆ డొక్కుదాన్ని ఇంకా ఎన్నాళ్ళు మోస్తావమ్మా? మంచిది తీసుకుంటే కటింగ్ అదే చేసేస్తుంది. ఒక్క నొక్కు."

"అదే చేస్తే మీ నాన్నగారేం చేస్తారే?"

"రెస్ట్ తీసుకుంటారు."

"రెస్ట్ కోసమేనా, అంత కష్టపడి మంచం మీద నుంచి లేచింది?"

"అయితే షాపు మూసేసి ఇద్దరూ రెస్ట్ తీసుకోండి" అంది. కోపంగా అన్నా అందులో అబద్ధం లేదు. షాపు నిలబడాలంటే ఆయన చెయ్యి అక్కర్లేని లాప్‌టాప్ తేవాలి. ఆయన చేతికి పని ఉండాలంటే ఇదే ఉంచుకోవాలి. దీంతో షాపు ఎన్నాళ్ళో సాగదు. అటు తిప్పినా ఇటు తిప్పినా పోయేది ఆయన పనే. నాకు చేతనైంది అది ఎప్పుడు పోవాలో చెప్పడం ఒక్కటే. ఆ మాట నా నోటితో చెప్పలేక వారాలు గడిపాను.

చివరికి అమ్మాయి పట్టుబట్టి మమ్మల్ని రాజమహేంద్రవరంలో ఒక లాప్‌టాప్ షాపుకి తీసుకెళ్ళింది. ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టారు. షాపతను చురుకైనవాడు. "డెమో చూపిస్తాను మేడమ్, ఏదైనా ఫొటో ఇవ్వండి" అన్నాడు. అమ్మాయి తన ఫోనులోంచి తన పెళ్ళినాటి ఫొటో ఇచ్చింది. అందులో ఆయన పందిరి పక్కన నిలబడి ఉన్నారు. జబ్బు రాకముందుది.

అతను ఒక్క నొక్కు నొక్కాడు. పందిరి పోయింది, పక్కవాళ్ళు పోయారు, ఆయన ఒక్కరే మిగిలారు. నేను వంగి చెవి దగ్గర చూశాను. ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని చూశాను. ఎక్కడా దొరకలేదు.

"ఇప్పుడు చూడండి" అన్నాడతను. కాసేపటికి ఫొటోలో ఆయన రెప్ప వేశారు. నవ్వారు. నోరు రెండు వైపులా సమానంగా కదిలింది. తర్వాత రెండు చేతులూ పైకి లేచాయి. కుడి చెయ్యి కూడా లేచింది. రెండూ కలిసి దండం పెట్టాయి.

"నాన్నా, చూడు నాన్నా!" అంది అమ్మాయి. దాని కళ్ళల్లో నీళ్ళు.

"బాబాయిగారు అప్పట్లో హీరోలా ఉన్నారండి" అన్నాడు షాపతను.

మా వృత్తిలో అలా దండం పెట్టేది పోయినవాళ్ళే. ఆయన చాలాసేపు స్క్రీన్ వైపే చూశారు. తర్వాత ఎడమ చేత్తో కుడి చేతిని ఒళ్ళోంచి ఎత్తి, కౌంటరు మీద, ఆ కొత్త లాప్‌టాప్ పక్కన పెట్టారు. అది అక్కడ అలాగే ఉంది.

తిరుగు బస్సు గోదావరి బ్రిడ్జి మీదికి వచ్చాక నేను, "వద్దులెండి. మనకి ఉన్నది చాలు" అన్నాను.

"కొను" అన్నారు.

ఎప్పుడూ అనే ఆ నాలుగు మాటలు కాక ఇంకో మాట అంత స్పష్టంగా రావడం జబ్బు చేశాక అదే మొదలు.

"మరి మీరేం చేస్తారండీ?"

కిటికీలోంచి నీళ్ళ వైపు చూస్తూ ఉండిపోయారు. బ్రిడ్జి దాటాక కూడా నా వైపు తిరగలేదు.

మర్నాడు షాపు తీయగానే పాత లాప్‌టాప్ ముందు కూర్చుని, అందులో ఎప్పణ్ణించో ఉన్న ఆ పెళ్ళి ఫొటోనే తెరిచారు. మౌసు తన భుజం మీద పెట్టి మొదలుపెట్టారు.

"ఏంటండీ ఈ పని, మంగళవారం పూట!" అన్నాను. చెయ్యి పట్టుకోబోయాను.

"కాదు" అన్నారు.

బతికున్న మనిషి తన ఫొటో తానే కట్ చేసుకోవడం పక్కన కూర్చుని చూశాను. చెవి దగ్గర ఆగారు, ఊపిరి బిగబట్టారు. లాప్‌టాప్ బిగుసుకుపోయింది. గుండ్రం తిరిగింది. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. మళ్ళీ కదిలింది. భోజనానికి లేవమంటే లేవలేదు. కుడి చెయ్యి దగ్గరికి వచ్చాక ఇంకా మెల్లగా నడిచారు. దూరంగా తీసిన ఫొటో, వేళ్ళు విడిగా కట్ చేయక్కర్లేదు. ఆయన ఒక్కో వేలూ విడదీశారు. సాయంత్రం ఎప్పుడో "చాలు" అని మౌసు నా వైపు జరిపారు. ఫైలుకి పేరు పెట్టాల్సింది నేను. మామూలుగా అయితే పోయినవాళ్ళ పేరు, ఊరు కొడతాను. ఆ రెండూ కొట్టలేకపోయాను. "మావారు" అని కొట్టి సేవ్ చేశాను. లాప్‌టాప్ మూత ఆయనే మూశారు.

కొత్తది వచ్చింది. షాపు నడుస్తోంది. ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్ళల్లో పోయినవాళ్ళందరూ మా షాపులోనే చేతులెత్తి దండం పెడుతున్నారు. అదంతా నేనే చేస్తున్నాను, తొందరగానే వచ్చేసింది. మొదట్లో ఆయన కోసం పాతది ఆన్ చేసి, ఒక ఫొటో తెరిచి పెట్టాను. ఆయన నన్ను చూసి "కాదు" అన్నారు. మళ్ళీ పెట్టలేదు. "మావారు" అన్న ఫైలు కొత్తదాంట్లోకి ఎక్కించాను. దాన్ని తెరవాల్సిన రోజు నాకే వస్తే, అది ఫొటోలాగే ఉంటుంది. అమ్మాయి ఏడ్చి అడిగినా దాన్ని కదిలించను.

ఆయన రోజూ నాతో షాపుకి వస్తారు. గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుంటారు. వచ్చినవాళ్ళు పలకరిస్తారు.

"బాబాయిగారేం చేస్తున్నారండీ ఇప్పుడు?"

"రెస్ట్ తీసుకుంటున్నారండీ" అంటాను.

ఆయన పక్కన చిన్న బల్ల ఉంది, దాని మీద పువ్వుల ప్లాస్టిక్ గుడ్డ పరిచి ఉంటుంది. ఎడమ చేతి చూపుడు వేలు ఆ గుడ్డ మీద ఒక పువ్వు అంచు వెంబడే తిరుగుతూ ఉంటుంది. రేకు మలుపు వచ్చినచోట ఆగుతుంది, మెల్లగా ఒంపు తిరిగి, మళ్ళీ ముందుకు పోతుంది.