చేటెడు తవుడు

దయ్యాల్ని నమ్మే రకం కాదు నేను. కర్నూలులో స్కానింగ్ టెక్నీషియన్‌గా పనిచేసేవాణ్ణి. ఎవరైనా దయ్యం ఉందంటే, "తోలుకొని రాప్పా, దాన్నీ మిషన్లో పండబెట్టి చూస్తా" అనేవాణ్ణి. ఇది చదివి మీరు నవ్వినా నాకేం కోపం లేదు.

రెండువేల ఏడు ప్రాంతం. బెంగళూరు డాక్టరొకరు వచ్చి, వేర్వేరు భాషల మాటలు వింటున్నప్పుడు మెదడులో ఏ చోటు పనిచేస్తుందో మా మిషన్లో చూసేవారు. అప్పుడే వేంపల్లె దగ్గరి రైతు మస్తాన్‌రెడ్డిని తీసుకొచ్చారు. తలలో గడ్డ. మాటకు సంబంధించిన చోటు తెలిస్తే దాన్ని తప్పించి ఆపరేషన్ చేయొచ్చు.

"మాట పోకుండా సూడండి సార్. బిడ్డను పేరుపెట్టి పిలిస్తే సాలు" అంది ఆయన భార్య లక్ష్మక్క. పక్కనే కూతురు రాజీ నిలబడి ఉంది.

చీటీలో ఉత్త మస్తాన్ అని ఉండటం చూసి డాక్టరు ఉర్దూ మాటలు కూడా వినిపించమన్నారు. మా సీమలో హిందువులకూ ఆ పేరు పెడతారని ఆయనకేం తెలుసు?

"మాకు ఉర్దూ యాడ వస్తాది సార్! మా ఊర్లో సాయిబుల ఇల్లే లేదు" అని మస్తాన్‌రెడ్డి నవ్వాడు.

రాని భాష అయితే మిషన్ బొమ్మలో చప్పుడు వినే చోటే వెలగాలి. ఈయనకు తెలుగుకు వెలిగిన చోటల్లా ఉర్దూకీ వెలిగింది. అనుమానమొచ్చి మళ్ళీ తీశాను. అదే బొమ్మ.

ఆపరేషన్ తర్వాత చూడబోయాను. నోట తెలుగు ముక్క లేదు. కళ్ళు మూసుకొని, "అమ్మీ, ఘర్ కు లేకే చల్" అంటున్నాడు. అమ్మా, ఇంటికి తీసుకుపో అని. అర్థం చెప్పగానే లక్ష్మక్క కూలబడిపోయింది.

"ముందు పుట్టినోళ్ళు దక్కలేదని, ఈయన్ని అడుక్కునేకొచ్చిన ఫకీరమ్మకు చేటెడు తవుడుకు అమ్మినారంట సార్. మా అత్త మళ్ళా కొనేలోపల ఆ యమ్మ బిడ్డను ఇంట్లోనే ఇడ్సి యాడికో పాయ."

మృత్యువు కళ్ళు కప్పడానికి బిడ్డను ఉత్తుత్తిగా అమ్మి, ఆ తవుడే తిరిగిచ్చి కొనుక్కోవడం మా దిక్కున మామూలే.

లక్ష్మక్క కళ్ళు తుడుచుకొని లేచి, చేటెడు తవుడు కొనుక్కొని దర్గాకు పోయింది. కాసేపటికి మస్తాన్‌రెడ్డి కళ్ళు తెరిచాడు. "రాజీ" అన్నాడు. నేను నా చెవులతో విన్నాను. ఆ పిల్ల "నాయనా" అంటూ చెయ్యి పట్టుకుంది. అంతే, ప్రాణం పోయింది.

లక్ష్మక్క ఖాళీ చేటతో వచ్చింది. "దర్గా కాడ ఒక ఫకీరమ్మ తీసుకునింది సార్. మాట్లాడినాడా?" అని వాకిట్లోనే అడిగింది.

"రాజీని పిలిచినాడమ్మా" అన్నాను. ఆమెను లోపలికి తీసుకుపోయాను.

ఆ స్కాన్లు చాలామంది డాక్టర్లకు చూపించాను. మిషన్ తప్పు అంటారు. మరి ఆ పిలుపు? ఒక్క మాటకైనా లక్ష్మక్క ఆయన్ని తిరిగి కొనుక్కుందని నా మనసు అంటుంది. ఎలాగో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.