ఆర్మస్ పై బల్ల దిగని శనివారం

కౌహయోకి అనే ఊళ్ళో కిటికీ చట్రాలు చేసే ఆర్మస్ రింటమాకి తూలుతూ నడుస్తాడు. తాగాడనుకున్నారు జనం. ఆయన అనుకోనిచ్చాడు. ప్రార్థన కూటంలో ముందు వరుసలో కూర్చునే మనిషికి అది చిన్న అప్రతిష్ఠేమీ కాదు. అయినా రోగిష్టివాడన్న పేరు కంటే నయమని ఆయన లెక్క.

అసలు సంగతి భార్య హిల్కకూ డాక్టరుకూ మాత్రమే తెలుసు. ఒంటిని కాపాడాల్సిన కణాలే ఆయన నరాల పైపొరను కొరికేస్తున్నాయి. ఒకసారి ఎడమ కన్ను చీకటైంది. ఇంకోసారి నడుము కింద స్పర్శ పోయింది. వేడి తగిలితే అన్నీ కలిసి మీద పడతాయి, ఊళ్ళో అందరూ వారం వారం చేసే ఆవిరిస్నానం, సౌనా, మానెయ్యమంది డాక్టరు. పాపం, ఈవిడ ఏ ఊళ్ళో పుట్టిందో అన్నట్టు జాలిగా చూశాడు ఆర్మస్. ఇంటికొచ్చి, కొంచెం తగ్గించమందని చెప్పాడు.

శనివారం హిల్క అన్న పావలి వచ్చాడు. సౌనా గదిలో వేడెక్కువ తగిలే పై బల్ల మగవాళ్ళది, కింది బల్ల పిల్లలదీ ముసలివాళ్ళదీ. ముందు దిగినవాడు వారమంతా ఎగతాళి పడాలి. ఇద్దరూ పైకెక్కారు. పావలి పొయ్యి మీద కాలిన రాళ్ళపై గరిటెతో నీళ్ళు పోశాడు. ఆవిరి బుస్సుమని లేచింది.

కాసేపటికి ఆర్మస్‌కు ఎదురుగా ఉన్న పొయ్యి మసకబారింది. దిగుదామనుకున్నాడు, కాళ్ళు వినలేదు. అందుకని ఠీవిగా కూర్చునే ఉన్నాడు.

పావలి ఓరగా చూశాడు. "ఇవాళ మంచి పట్టు మీదున్నావు బావా," అంటూ ఇంకో గరిటె పోశాడు.

కేకేస్తే బావ ముందు పరువు పోతుంది. కేకెయ్యకపోతే ప్రాణమే పోయేలా ఉంది. ఈ రెండింటిలో ఏది పెద్ద నష్టమో ఆర్మస్ చాలాసేపు తూచాడు. మగవాడికి ఇది అంత తేలిగ్గా తెగే విషయం కాదు. పావలి చెయ్యి మళ్ళీ గరిటె మీదికి పోయింది.

"బావా, ఆగు. నా కాళ్ళు పనిచెయ్యట్లేదు. నరాల జబ్బు. పడిపోతాను, పట్టుకో."

పావలి గరిటె వదిలేశాడు. ఆయన్ని భుజాన వేసుకుని, ఇద్దరూ దిసమొలతోనే, పెరట్లో ఉన్న హిల్క ముందు నుంచి మోసుకెళ్ళి చల్లటి గడ్డి మీద పడుకోబెట్టాడు. పక్కనే తనూ కూలబడ్డాడు.

"ఎప్పట్నుంచి?"

"మూడేళ్ళు."

"ముందే చెప్పి ఏడవచ్చుగా బావా. నువ్వెప్పుడు దిగుతావా అని చూస్తూ నా వీపంతా ఉడికిపోయింది."

హిల్క బకెట్టు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ముందు ఎవరి మీద పొయ్యాలో తేలక, ఇద్దర్నీ సమానంగా తిట్టి, నీళ్ళన్నీ మొగుడి మీదే కుమ్మరించింది.