నాన్న ఎంచిన తోలు సీటు

నలభై ఆరో ఏట నాకు షుగరు బయటపడింది. మాత్రలతో పాటు ఒళ్లు అలిసే పని ఏదైనా పెట్టుకోమన్నారు డాక్టరు. నడక నాకు విసుగు. జిమ్ములో అద్దాల ముందు నిలబడడం అంతకన్నా ఇబ్బంది. చివరికి సన్నటి టైర్లు, కిందికి వంగిన హ్యాండిలు ఉన్న రోడ్డు సైకిలొకటి కొన్నాను. అప్పటికి పదేళ్లుగా మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాను. ఇల్లు కూకట్‌పల్లి. ఆరేళ్లుగా ఆఫీసులో నాతో కలిసి భోంచేసే మిత్రుడొకాయన అప్పటికే సైకిలు తొక్కేవాడు. ఆయనదీ మా గుంటూరు వైపే. ఆయనే నన్ను తన గుంపులోకి తీసుకెళ్లాడు. నాతో కలిపి ఎనిమిదిమందిమి. ఆదివారం పొద్దున్నే గచ్చిబౌలిలో కలిసి, నార్సింగి మీదుగా ఔటర్ రింగ్ రోడ్డు పక్కనుండే సర్వీసు రోడ్డు వెంట వెళ్లి వచ్చేవాళ్లం.

మా అందరిలో పెద్దవాడు విద్యుత్ శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. వరంగల్ దగ్గరి ఊరు. అందరం ఆయన్ని పెద్దసార్ అనేవాళ్లం. అరవై దాటినా ఎత్తు ఎక్కేటప్పుడు మా అందరికంటే ముందుండేవాడు.

రెండో నెలకి నాకు బాధ మొదలైంది. ఇరవై కిలోమీటర్లు దాటితే తొడల మధ్య తిమ్మిరెక్కి, కాలు నాది కానట్టు ఉండేది. సోమవారం మీటింగుల్లో కూర్చోలేక గోడకి ఆనుకుని నిలబడేవాణ్ణి. ఒకరోజు నార్సింగి దగ్గర దిగి, సైకిలు పట్టుకుని నడుస్తుంటే పెద్దసార్ వెనక్కి తిరిగి వచ్చాడు.

"ఏంది సార్, గిట్ల నడుస్తున్నరు?"

చెప్పాను.

"సీటు మార్చుండ్రి. నేను పదేండ్ల సంది తోలు సీటు మీదనే తొక్కుతున్న. మొదట్ల జర సతాయిస్తది. అలవాటైనంక ఇగ దాని సంగతే యాదికుండదు."

ఆ శనివారం ఆయనే నన్ను కొండాపూర్‌లో తనకు తెలిసిన సైకిళ్ల షాపుకి తీసుకెళ్లాడు. షాపతను మూడు సీట్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి కింద మెత్తటి స్పాంజి వేసి పైన పల్చటి తోలు తొడిగింది. మిగతా రెండింటిలో స్పాంజి లేదు. ముందొక ఇనుప కొన, వెనకొక ఇనుప పట్టీ, ఆ రెంటి మధ్య మందపాటి తోలుని లాగి రివిట్లతో బిగించారు. ఒకటి నల్లది, ఒకటి తేనెరంగుది. రెండూ చెక్కలా గట్టిగా ఉన్నాయి. ఆరేడు వందల కిలోమీటర్లు తొక్కాక మన ఎముకల ఆకారానికి లొంగుతాయని షాపతను చెప్పాడు.

నేను నల్లదాన్ని చేతిలోకి తీసుకున్నాను. ఆలోచించకుండానే తిరగేసి లోపలి పక్క చూశాను. వాసన చూశాను. అంచుని బొటనవేలితో నొక్కి ముడత ఎలా పడుతుందో చూశాను.

"ఇది పొట్ట దగ్గరి తోలండీ. సాగిపోతుంది," అన్నాను.

షాపతను నవ్వేశాడు. పెద్దసార్ మాత్రం నావైపు ఆశ్చర్యంగా చూశాడు. "మీకెట్ల ఎరుక సార్ గివన్నీ?"

"నెట్‌లో చదివానండి," అన్నాను.

ఆ అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో నాకే తెలియలేదు. అలవాటు మరి. మరోసారి వస్తామని చెప్పి, ఏమీ కొనకుండా వచ్చేశాం.

గుంటూరు జిల్లాలో ఒక చిన్న పట్నం మాది. అక్కడి బస్టాండు గోడ పక్కన టార్పాలిన్ పట్టా కట్టుకుని మా నాన్న నలభై ఏళ్లు చెప్పులు కుట్టాడు. బడి వదిలాక నేను అక్కడికే వెళ్లేవాణ్ణి. తొట్టిలో నానే తోలు వాసనలో కూర్చుని లెక్కలు చేసుకునేవాణ్ణి. ఏ తోలు అడుగుకి పనికొస్తుందో, ఏది పట్టీలకి పనికొస్తుందో ఎవరూ నాకు నేర్పలేదు. చూస్తూ పెరిగాను, అంతే. ఇంజనీరింగులో చేరేటప్పుడు ఫారంలో తండ్రి వృత్తి అన్నచోట 'వ్యాపారం' అని రాశాను. ఆ మాటే హాస్టలుకీ, ఉద్యోగానికీ, తర్వాత కొనుక్కున్న ఫ్లాటుకీ నా వెంట వచ్చింది.

అమ్మ పోయాక నాన్న మా దగ్గరికి వచ్చేశాడు. వచ్చిన వారంలోనే లిఫ్టులో పై అంతస్తు ఆయన, "మీరేం చేసేవారండీ?" అని నాన్నని అడిగాడు. నాన్న నోరు తెరిచేలోపే నేను అందుకుని, "చెప్పుల వ్యాపారమండీ, షాపుండేది," అన్నాను. నాన్న నావైపు చూడలేదు. లిఫ్టు తలుపులవైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ తర్వాత ఎవరడిగినా, "చిన్న వ్యాపారమండీ," అనేవాడు. అలా చెప్పమని నేను అనలేదు. అలా చెప్పొద్దనీ అనలేదు.

కొండాపూర్ నుంచి వచ్చిన రోజు సాయంత్రం సోఫాలో ఒక పక్కకి ఒరిగి కూర్చున్నాను. నాన్న ఎదురు కుర్చీలోంచి చూస్తున్నాడు.

"అట్టా కూర్చున్నావేందిరా?"

సైకిలు సీటు సంగతి చెప్పాను. తోలు సీటన్న మాట వినగానే ఆయన కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. ఫోనులో బొమ్మలు చూపించాను. కళ్లజోడు తీసి, పెట్టి, ఫోను దగ్గరికీ దూరానికీ జరిపి చూశాడు.

"తోలుని ఫోన్లో చూసి కొంటారా ఎవరన్నా? వాసనొస్తదా దీన్లో?"

"షాపులో చూశాన్లే నాన్నా. ఒకటి పొట్ట తోలు."

"అది వద్దు." ఫోను తిరిగిస్తూ, "నీకు తెలిసిందే," అన్నాడు. ఆ మాటలో కొంచెం గర్వం వినిపించింది. నాకు తలెత్తి చూడబుద్ధి కాలేదు.

అంతలో ఆయన లేచి, బాల్కనీలో పడేసిన అట్టపెట్టె చించి ఒక ముక్క తెచ్చాడు. ఎత్తు తక్కువ పీట మీద దాన్ని వేసి కూర్చోమన్నాడు.

"మోకాళ్లు పైకి పెట్టు. సైకిలు మీద వంగినట్టు ముందుకి వంగు. ఊ, ఇప్పుడు నీ బరువంతా దింపు."

లేచాక అట్ట మీద రెండు గుంటలు పడి ఉన్నాయి. నాన్న వేలితో వాటిని తడిమి, మా అమ్మాయి స్కేలు అడిగి తీసుకుని ఈ గుంట నడుమ నుంచి ఆ గుంట నడిమికి కొలిచాడు. "నువ్వు ఈ రెండెముకల మీదే కూర్చోవాలి. కండ మీద కాదు. ఇవి రెండూ సీటు మీదే ఆనాలి, అంచు మీద పడకూడదు. పాదం కొలత లేకుండా చెప్పు కుట్టినట్టే, ఇది లేకుండా సీటు కొనడం," అన్నాడు. ఇలాంటి సీటు ఆయన ఎన్నడూ చూడలేదు. షాపతను కూడా కొలత సంగతి ఎత్తలేదు.

అట్టముక్క మడిచి జేబులో పెట్టుకుంటూ, "ఎప్పుడెళ్దాం?" అని అడిగాడు.

ఆ షాపులో పెద్దసార్ ఉండొచ్చు. మా గుంపులో ఎవరైనా ఉండొచ్చు. "ఆఫీసు నుంచి వస్తూ నేనే చూసుకుంటాన్లే నాన్నా. నీకెందుకు శ్రమ," అన్నాను.

ఆయనకి అర్థమైంది. జేబులోంచి అట్టముక్క తీసి బల్ల మీద పెట్టాడు. "సరే. నువ్వే చూసుకో," అని తన గదిలోకి వెళ్లిపోయాడు.

నా భార్య వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నది. ఆమె నాతో ఒక్కటే అంది. "ఇక్కడికొచ్చిన రెండేళ్లలో ఆయన తనంతట తాను బయటికెళ్దామని అడగడం ఇదే మొదటిసారి."

మర్నాడు ఆదివారం. నేను సైకిలు తీయలేదు. టిఫినయ్యాక బల్ల మీది అట్టముక్క జేబులో పెట్టుకుని, నాన్న గదిలోకి వెళ్లి, "పద నాన్నా, షాపు తెరిచుంటారు," అన్నాను. ఆయన వెంటనే ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు.

నేను భయపడ్డట్టే జరిగింది. సైకిలు తొక్కి తిరిగొచ్చిన పెద్దసార్ చైను మార్పించుకోవడానికి అక్కడే కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, "ఇయాల రాకపోతిరి, ఏమైందో అనుకున్న," అంటూ లేచి నాన్నకి నమస్కారం పెట్టాడు.

నాన్న ప్రతినమస్కారం చేసి నేరుగా బల్ల దగ్గరికెళ్లాడు. స్పాంజి సీటుని వేలితో ఒకసారి నొక్కి పక్కన పెట్టేశాడు. "ఇది మొదటిరోజు సుఖంగా ఉంటది. తర్వాత ఎముకల కింద అణిగిపోయి, నడుమ పైకి లేచి, నొక్కకూడని చోట నొక్కుద్ది." తేనెరంగు సీటుని మాత్రం చాలాసేపు చూశాడు. తిరగేశాడు. షాపతన్ని అడిగి, లోపలి పక్క ఒక మూల తడివేలు ఆనించి, రంగు ఎలా మారుతుందో చూశాడు. కళ్లు మూసుకుని వాసన చూశాడు.

"చెట్టు బెరడుతో పదును చేసిన తోలు. వెన్ను పక్కది. మందం అంతటా ఒకేలా ఉంది. కోసినోడికి పని తెలుసు." షాపతనివైపు తిరిగాడు. "ఇదే తోలులో ఇంకో వేలు వెడల్పుది ఉందాండి?"

లోపల ఉంది. తెచ్చాడు. నాన్న నన్నడిగి అట్టముక్క తీసుకుని, సీటు వెనకభాగం మీద పెట్టి చూసి తలూపాడు.

పెద్దసార్ దగ్గరికి వచ్చాడు. "మీరు గింత బాగ చెప్తున్నరు. ఏం పని చేసేటోళ్లు సార్ మీరు?"

నాన్న చేతిలో సీటుతో నావైపు చూశాడు. ఏం చెప్పాలని నన్నే అడుగుతున్నట్టు చూశాడు. తర్వాత, "చిన్న వ్యాపా..." అంటూ మొదలుపెట్టాడు.

డెబ్బై మూడేళ్ల మనిషి నా కోసం అబద్ధమాడబోతూ నా అనుమతి కోసం చూడడం నేను భరించలేకపోయాను.

"చెప్పులు కుట్టేవారండీ మా నాన్న," అన్నాను. "బస్టాండు దగ్గర. నలభై ఏళ్లు. నేను నెట్‌లో చదవలేదు, ఆయన దగ్గరే చూశాను."

నా గొంతు కొంచెం పెద్దదైనట్టుంది. చైను బిగిస్తున్న మెకానిక్కు తలెత్తి చూశాడు. పెద్దసార్ అతని దగ్గర్నుంచి తన సైకిలు తీసుకొచ్చి నాన్న ముందు నిలబెట్టాడు.

"అట్లయితే జర నా సీటు చూడుండ్రి. ఈ మధ్య ఒక పక్కకి గుంజుతున్నది. దీని పని అయిపోయిందా, ఇంక నడుస్తదా?"

నాన్న వంగి చూశాడు. "నూనె ఎక్కువ పట్టించారు మీరు. అందుకే సాగింది. ఇక పట్టించకండి. ముందున్న ఈ బోల్టు అరచుట్టు బిగించండి చాలు, ఇంకా నడుస్తది."

సీటు కొనుక్కుని కారులో బయల్దేరాం. హైటెక్ సిటీ దాటాక నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ, "నేను సిగ్గుపడి చెప్పలేదనుకున్నావేమో. నాకు సిగ్గు లేదురా. నీకు ఇబ్బందని," అన్నాడు. నేను తలూపాను. ఎదురుగా రోడ్డు సరిగ్గా కనబడక కారు పక్కకి ఆపాల్సి వచ్చింది.

సీటుని నాన్నే దగ్గరుండి నాచేత బిగింపించాడు. కొన పైకీ కిందికీ వాలకుండా, పడుకోబెట్టిన స్కేలులా ఉండాలన్నాడు. మొదటి నెల చాలా బాధపెట్టింది. మధ్యలో ఒకసారి తీసేద్దామనుకుంటే ఆయన ఒప్పుకోలేదు. ఎనిమిదో వారానికి తోలు మీద రెండు చిన్న పల్లాలు కనిపించాయి. తిమ్మిరి తగ్గింది. అరవై కిలోమీటర్లు తొక్కగలిగాను.

ఆ తర్వాత ఒక ఆదివారం పెద్దసార్ నాన్నని టిఫిన్‌కి రమ్మని పిలిచాడు. నార్సింగిలో మేం ఆగే హోటలు దగ్గర నా భార్య ఆయన్ని కారులో దింపి వెళ్లింది. ఎనిమిదిమందిమీ నాన్నతో పాటు బల్లలు కలుపుకుని కూర్చున్నాం. పెద్దసార్ అడుగుతుంటే నాన్న తన పని గురించి చెప్పాడు. బండిచక్రం కింద పడి ఒక కాలు రెండు వేళ్ల మేర పొట్టిదైపోయిన రైతుకి, ఆ చెప్పు అడుగున పొర మీద పొర వేసి, రెండు కాళ్లూ సమానమయ్యేట్టు ఎలా కుట్టాడో చెప్పాడు. ఆ మనిషి కొత్త చెప్పులేసుకుని బస్టాండు ముందు ఆ చివర నుంచి ఈ చివరకి ఊరికే నాలుగుసార్లు నడిచాడట.

నాన్న చెబుతుండగానే, నన్ను ఈ గుంపులోకి తెచ్చిన ఆఫీసు మిత్రుడు తన ప్లేటు తీసుకుని లేచాడు. సైకిళ్ల దగ్గరికెళ్లి, అటు తిరిగి నిలబడి తిన్నాడు. ఫోనొచ్చిందేమోనని చూశాను. ఫోను బల్ల మీదే వదిలేసి వెళ్లాడు.

నాన్న కూడా చూశాడు. మాట ఆపలేదు. రైతు కథ చివరిదాకా చెప్పాడు.

సోమవారం ఆఫీసులో ఆ మిత్రుడు నాతో మామూలుగానే మాట్లాడాడు. భోజనానికి మాత్రం, "ఇవాళ ముందే తినేశానండీ," అన్నాడు. మర్నాడూ అదే మాట. మూడోరోజు నేను అడగలేదు. ఆదివారాలు రావడం కూడా మానేశాడు. పెద్దసార్ ఒకసారి ఆయన సంగతి అడిగి, నా మొహం చూసి, మళ్లీ అడగలేదు. ముప్పై ఏళ్లు నేను భయపడింది దీనికే. జరిగాక బాధైతే వేసింది. తిండి మాత్రం మానలేదు, నిద్ర మానలేదు.

ఇప్పుడు క్యాంటీన్లో కొన్నిసార్లు ఒక్కణ్ణే తింటాను, కొన్నిసార్లు టీమ్‌లో కొత్తగా చేరిన పిల్లలతో. మీ నాన్నగారేం చేసేవారని ఎవరైనా అడిగితే చెబుతున్నాను. చెప్పేముందు ఇప్పటికీ ఒక్క క్షణం 'వ్యాపారం' అన్న మాటే నోటిదాకా వస్తుంది. ఆ క్షణం పోనిచ్చి చెబుతున్నాను.