మేడం సైకిల్ మీద పది గజాలు

సిద్దిపేటలో నేను వంట చేసే ఇంటి మేడం ఒళ్లు తగ్గడానికి చెరువు కట్ట మీద సైకిల్ తొక్కుతుంది. ఒకరోజు బ్రేకులు బాగు చేయించుకు రమ్మని ఆ సైకిల్ నాకిచ్చింది.

చిన్నప్పుడు అన్న సైకిల్ మీద దొంగచాటుగా నేర్చుకుంటే, "ఆడపిల్లకు సైకిలెందుకే?" అని బాపు కొట్టాడు. మేడం సైకిల్ బాగు చేయించి తిరిగొస్తూ, కట్ట మీద ఎవరూ లేరనుకుని, కొంగు నడుముకు దోపి ఎక్కాను. పది గజాలు పోయానో లేదో, కుచ్చిళ్లు చైన్‌లో చుట్టుకుని పడ్డాను.

ఒకాయన పరుగెత్తుకొచ్చాడు. "ఎవలిదమ్మా గీ సైకిల్? ఎత్కపోతున్నవా?"

"మా మేడంది సారూ. రిపేర్ చేపిచ్చుకొస్తున్న."

"మరి నడిపిచ్చుకుంట పోవాలె గాని, నువ్వు ఎక్కుడేంది?"

సిగ్గుతో నడిపించుకుంటూనే వెళ్లి అప్పజెప్పాను.

ఇప్పటికీ నేను పనికి నడిచి పోతుంటే మేడం సైకిల్ మీద దాటిపోతుంది. అప్పుడు నా కాళ్లు పైకి నడుస్తూనే, లోపల సైకిల్ తొక్కుతుంటాయి.